మా ఇంటి యూదుల వేషం

మా ఇంటికి యూదుల వేషం ఎట్లా వచ్చిందో నాకు బాగా తెలుసు. మా అవ్వ చనిపోయే దాకా ఆ సంగతి చెబుతూనే ఉండింది. ఆళ్లగడ్డలో మా పేటవాళ్లు చర్చి కట్టుకున్నప్పుడు మా తాత ఇంకా ఆ ఊరివాడు కాదు. ఆ తర్వాత మిడుతూరు వైపు నుంచి ఇల్లరికం వచ్చాడు. చర్చికి రాళ్లు మోసిన ఇళ్లవాళ్లు గుడ్ ఫ్రైడే సాయంత్రం ప్రభువును సిలువ వేసిన కథగా ఆడే శ్రమల నాటకంలో వేషాలు పంచుకున్నారు. ప్రభువు వేషం సంఘపెద్ద ఇంటికి పోయింది. శిష్యుల వేషాలు ఆయన దాయాదుల ఇళ్లకు, రోమా గవర్నరు వేషం బడిపంతులు ఇంటికి పోయాయి. మరణశిక్ష వేయమని అరిచే యూదుల గుంపు మాత్రం మిగిలిపోయింది. చివర వచ్చినవాడికి అది అంటగట్టారు. ఒక ఇంటికి వచ్చిన వేషం ఇంకో ఇంటికి పోకూడదు, అది మా పేట కట్టుబాటు. తాత తర్వాత నాయన, నాయన వెనక చిన్నాయన, ఆ తర్వాత మా తమ్ముడు.

ప్రభువూ యూదుడే. ఆయన తల్లీ యూదురాలే. శిష్యులూ యూదులే. ఈ మాట నేను చాలామందితో చాలాసార్లు అన్నాను, అని తిట్లు కూడా తిన్నాను. మా నాటకంలో మాత్రం వాళ్లెవరూ యూదులు కారు. వాళ్లకు తెల్లబట్టలు. యూదులంటే మా ఇంటి మగవాళ్లు. వాళ్లకు నల్ల గొంగడి, జనపనార గడ్డం, నడుముకు గుడ్డసంచి, ముఖానికి ఒక ముక్కు.

ఆ ముక్కును సంఘపెద్ద వాళ్ల నాయన చేశాడు. కాగితాలు నానబెట్టి, చింతగింజల జిగురుతో కలిపి, ఎండబెట్టి, మసి పూశాడు. గద్ద ముక్కులాగా కిందికి వంగి ఉంటుంది. చెవుల వెనక దారాలతో కట్టుకోవాలి. ఏడాదంతా వాళ్లింట్లోనే ఉండేది, నాటకానికి ముందు సంఘపెద్దే తెచ్చి ఇచ్చేవాడు. నాటకంలో గవర్నరు, ఈ మనిషిని ఏం చేయమంటారని అడుగుతాడు. చంపమని మావాళ్లు అరుస్తారు. అప్పుడు చాపల మీద కూర్చున్న పిల్లలు ఒళ్లో దాచిపెట్టుకున్న మట్టిపెళ్లలు మావాళ్ల మీదికి విసరాలి. అది కూడా కట్టుబాటే. నాయన నుదుటి మీద బొప్పితో ఇంటికి వచ్చేవాడు. అమ్మ పసుపు అద్దుతుంటే, "ఈసారి బాగా పండింది నాటకం" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

సండే స్కూల్లో ఒకసారి మాకు చెప్పే ఆవిడ, ప్రభువును చంపిందెవరు పిల్లలూ అని అడిగింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బెంచీల మీద ఉన్న పిల్లలందరూ తలలు తిప్పి నా వైపు చూశారు. వాళ్లు పిల్లలు, వాళ్లను నేను అనను. ఆవిడ కూడా చూసింది. చూసి నవ్వి, పాఠం ముందుకు నడిపించింది. ఆవిడను మాత్రం నేను ఈ రోజుకూ క్షమించలేదు. కొళాయి దగ్గర బిందెతో నిలబడితే, "యూదులొచ్చినారు, జరగండప్పా" అనేవాళ్లు. ఎగతాళే. కానీ ఏడాది పొడుగునా సాగే ఎగతాళి.

చదువు ముగించి, ట్రైనింగు అయి, డెబ్బైల మొదట్లో నంద్యాలలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. ఆ ఊళ్లో నన్ను యూదులపిల్ల అనేవాళ్లు లేరు. ఆ ఒక్క కారణానికే నాకు నంద్యాల నచ్చింది. పదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం చెప్పాలి. పాఠ్యపుస్తకంలో ఒప్పందాల షరతులకు ఒక పేజీ, యూదులను చంపిన సంగతికి ఒక వాక్యం. లక్షలాది మందికి ఒక వాక్యమేమిటని నాకు కోపం వచ్చింది. గ్రంథాలయానికి పోయి, యుద్ధం మీద ఉన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అడిగి తీసుకున్నాను. మధ్యలో ఫొటోలున్నాయి. ఒక పేజీలో జర్మనీలో గోడలకు అంటించిన పోస్టరు ఉంది. నల్లకోటు, గడ్డం, నడుముకు సంచి, వంగిన ముక్కు. వెనక తగలబడుతున్న ఇళ్లు. పుస్తకం మూసి, మళ్లీ తెరిచాను.

గ్రంథాలయం ఆయన బల్ల అవతలి నుంచి అడిగాడు. "ఏందమ్మా, దెయ్యాన్ని సూసినట్ల సూచ్చాండావ్?"

"మా నాయనను సూసినానన్నా" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. అదే ముక్కు. చెవుల వెనక దారాలు మాత్రం లేవు.

ఆ శనివారం ఇంటికి పోయి నాయనకు చెప్పాను. నాయన పశువులకు చొప్ప వేస్తున్నాడు.

"ఆ ముక్కు యాడిది నాయనా?"

"పెద్దాయన చేసిచ్చినాడు గదా."

"ఆయన దేన్ని సూసి చేసినాడు?"

"దొరలు పిల్లలకు కతలు చెప్పేదానికి రంగుల పటాలు తెచ్చినారంట. వాటిని సూసి." నాయన నా ముఖంలోకి చూశాడు. "ఏందీ, ఏమైంది ఆ ముక్కుకు?"

"జర్మనీలో గోడల మింద అతికిచ్చినారు నాయనా. ఆ ముక్కు బొమ్మ ఏసి, దేశానికి వచ్చిన తిప్పలన్నీ ఈళ్ల వల్లనే అని రాసినారు. ఆ తర్వాత ఈళ్లను చంపినారు."

నాయన చొప్పకట్ట దించాడు. "అంతదూరం పోయిందా మన ముక్కు" అన్నాడు. నన్ను నవ్వించాలని అన్నాడేమో.

మన ముక్కు అంత దూరం పోలేదు. వాళ్ల ముక్కే ఇంత దూరం వచ్చింది. ఆ పుస్తకంలో చదివాను. ఆ దేశాలలో వందల ఏళ్ల పాటు శ్రమల వారంలో ఇట్లాంటి నాటకాలే ఆడేవాళ్లు. నాటకం చూసి బయటికొచ్చిన జనం యూదుల ఇళ్ల మీద పడి పగలగొట్టేవాళ్లు. చిత్రకారులు ఆ ముక్కును గీసి గీసి జనం కళ్లకు అలవాటు చేశారు. జర్మనీ నియంత కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. జనం ఓడిన యుద్ధంతోనూ ఆకలితోనూ మండిపోతున్నప్పుడు, ఎవరిని చూపించాలా అని ఆయన వెతకనవసరం లేకపోయింది. చూపించాల్సిన మనిషి వేషంతో సహా సిద్ధంగా ఉన్నాడు. మొదట వాళ్ల దుకాణాలకు పోవద్దన్నారు. తర్వాత బళ్లలోంచి, ఉద్యోగాలలోంచి తీసేశారు. యుద్ధాన్ని తానే మొదలుపెట్టి, ఇది యూదులు తెచ్చిన యుద్ధమని చెప్పాడు. యుద్ధం సాగినకొద్దీ వాళ్లను రైళ్లకెక్కించి చంపించాడు. యుద్ధం ఓడిపోతున్నా ఆ రైళ్లు ఆగలేదు.

ఇదంతా నేను పిల్లలకు చెప్పేదాన్ని, ఒక్క వాక్యం ఉన్న చోట వారం రోజులు చెప్పేదాన్ని. ఒక ఆడపిల్ల లేచి, "అంతమంది ఎట్ల నమ్మినారు టీచర్?" అని అడిగింది. అలవాటు వల్లనని చెప్పాను. ఆ జవాబు నాకే సరిపోలేదు.

అంతలో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల్లో అన్నీ మంచి వార్తలే. టీ కొట్టు దగ్గర మాట్లాడుతున్నవాళ్లు కొత్త మనిషి వస్తే వానల సంగతి ఎత్తుకునేవాళ్లు. హెడ్మాస్టరు నన్ను గదికి పిలిచాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"పాఠం ఎంతవరకొచ్చిందమ్మా?"

"జర్మనీలో పార్టీలన్నీ రద్దు చేసినకాడికొచ్చింది సార్."

"తర్వాత?"

"పత్రికల మీద ఆంక్షలు సార్. రేపు చెబుతా."

ఆయన తలుపు వైపు చూశాడు. "రేపు వద్దు. ప్రపంచపటం గీయించు."

"ఎన్ని రోజులు గీయమంటారు సార్?"

"నేను చెప్పేదాకా గీయించమ్మా. నీకు దండం పెడతా."

పటాలు గీయించాను. కానీ ప్రతి పటంలో జర్మనీకి ఎర్రరంగు వేయించాను. ఆయన అది కూడా చూశాడు, ఏమీ అనలేదు.

పటాలతో పోయేదైతే బాగుండేది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషులను తీసుకురమ్మని టీచర్లకు కూడా చెప్పారు. కేసులు అనేవాళ్లు. మా బళ్లో కొందరు తెచ్చారు, కొందరు ఎక్కడెక్కడి ముసలివాళ్లనో పట్టుకొచ్చి పేరు నిలబెట్టుకున్నారు. నేను ఒక్కరిని కూడా తేలేదు. దానికి స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందర నన్ను నిలబెట్టి మాట్లాడారు. ఆ అవమానం నాకు ఇప్పుడు పనికొస్తుందని చెప్పడం లేదు. తెచ్చావా అని మా పేటలో ఎవరూ అడగలేదు, తేలేదని చెప్పినా నమ్మలేదు. అందుకు చెబుతున్నాను.

ఎందుకంటే ఆ ఏడాది ఆపరేషన్ల వ్యాను ఆళ్లగడ్డకు కూడా వచ్చింది. వస్తుందని తెలిసి మా పేట మగవాళ్లు కొందరు కొండ కింద చేనిలోని కావలి గుడిసెలో దాక్కున్నారు. ఆ చేనిలో అప్పుడు పంట లేదు, అటు ఎవరూ పోరు. నాలుగు రోజులు ఎవరికీ తెలియకుండా ఉన్నారు. తర్వాత ఆదివారం వచ్చింది. మా పేటలో ఆదివారం కూర ఉడకని ఇల్లుండదు. ఎంత లేనివాడైనా ఆ పూట కొంచెం మాంసం తెచ్చుకుంటాడు. గుడిసెలో ఉన్నవాళ్లు కూడా ఎవరితోనో తెప్పించుకుని, మధ్యాహ్నం పొయ్యి వెలిగించారు. పంట లేని చేనిలో పొగ లేస్తే రోడ్డు మీద పోయే ఎవరికైనా కనపడుతుంది. జీపు నేరుగా అక్కడికే పోయింది.

పట్టుకుపోయినవాళ్లలో సంఘపెద్ద చిన్నకొడుకు ఉన్నాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు, పిల్లలు లేరు. ఆ పిల్లవాడికీ ఆపరేషన్ చేసి పంపించారు. సంఘపెద్ద భార్య చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను విన్నాను. ఆ ఇంటికి జరిగింది అన్యాయం కాదని నేను ఎన్నడూ అనలేదు.

ఆ అన్యాయం చేసినవాళ్లను ఎవరూ ఒక్క మాట కూడా అనలేకపోయారు. అంటే పోలీసులు వస్తారని భయం. సర్కారు దూరంగా, ఎత్తున ఉంది. మా ఇల్లు పేట చివర, దగ్గరగా ఉంది. గుడిసె సంగతి జీపువాళ్లకు చెప్పింది మా నాయనే అన్నారు.

"బిడ్డ నంద్యాలలో టీచరు. కేసులు తేవాల గదా" అన్నారు.

"ప్రభువునే అమ్మేసిన జాతి గదప్పా" అన్నారు.

ఏ జాతి? మేమూ వాళ్లూ ఒకటే జాతి. అదే పేట, అదే కూలి, అదే కొళాయి. ఒక వేషం తప్ప మాకూ వాళ్లకూ తేడా లేదు. ఆ వేషమే మా జాతి అయిపోయింది.

పాస్టరు ఇంటికొచ్చి, కూర్చోకుండానే నాయనతో మాట్లాడాడు. "కొన్నాళ్లు బల్లకాడికి రావద్దన్నా. నీకే మంచిది." బల్ల అంటే నెలకొకసారి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆరాధన. దానికి రావద్దనడమంటే మా వాళ్లలో వెలివేయడమే.

"నేనేం చేసినానయ్యా?" అన్నాడు నాయన.

"చేసినావని నేనంటాండానా? జనం అంటాండారు."

"జనానికి మీరు చెప్పండయ్యా, కాదని."

"చెప్పే రోజులా ఇయి?" అని ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది.

నాకు భయమంతా తమ్ముని మీద. నాయన పెద్దవాడు, చూసి చూడనట్లు పోతారు. తమ్మునికి ఇరవై రెండేళ్లు, కౌలుకు తీసుకున్న చేను కాలువ గట్టు అవతల ఉంది. నీళ్ల వంతు వచ్చినప్పుడు చీకటితో లేచి ఒక్కడే పోవాలి. నాటకంలో గుంపును అరిపించేది వాడే, పేటలో వాని గొంతు తెలియనివాడు లేడు. నంద్యాలలో పాఠం చెబుతుంటే కూడా నా చెవి బడి గేటు మీదే ఉండేది, ఆళ్లగడ్డ నుంచి ఎవరైనా కబురు తెస్తారేమోనని. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి కూర్చుంటే ప్రతి స్టాపులోనూ దిగేవాళ్ల ముఖాలు చూసేదాన్ని. శిరివెళ్ల దాటాక మావాళ్లెవరైనా ఎక్కి నాతో మాట్లాడకపోతే, ఏదో జరిగిందనుకునేదాన్ని. ఏమీ జరగకపోయినా వాళ్లు మాట్లాడేవాళ్లు కాదు. నాకు ఆ తేడా కనిపెట్టడం చేతకాలేదు.

ఒక శనివారం బస్సు దిగి ఇంటికి కాక నేరుగా సంఘపెద్ద ఇంటికి పోయాను. ఆయన పంచలో మంచం మీద ఉన్నాడు. మేము ఆయనను పెద్దనాయనా అని పిలిచేవాళ్లం.

"మా నాయన చెప్పినాడని ఎవురు సూసినారు పెద్దనాయనా?"

"సూడాల్నా? మీరు గాకపోతే ఎవురు?"

"ఆదివారం మద్యానం పొయ్యి అంటిచ్చినారు. పొగ రోడ్డుకు కనపడింది. బస్సులో పోయేటోళ్లు కూడా సూసినారు."

లోపలి నుంచి ఏదో గిన్నె కిందపడిన చప్పుడు వినిపించింది. కొడుకు లోపలే ఉన్నాడు, పది రోజులుగా గడప దాటడం లేదని చెప్పుకుంటున్నారు.

"పొగ మాట ఎత్తాకు" అన్నాడు ఆయన. "కడుపు మండినోళ్ల ముందర పొగ, పొయ్యి అని ఎకసెక్కాలాడతాండావా?"

"ఎకసెక్కం కాదు. మా తమ్మునికి ఏమన్నా అయితే—"

"అయితే? పోలీసోళ్లు మీకు సుట్టాలే గదా. పోయి చెప్పుకో."

ఆ మాట అన్న రోజు, ఆ పంచ, ఆ మంచం పట్టె మీద ఆరేసిన తుండుగుడ్డ నాకు ఇప్పటికీ కనపడతాయి.

ఆ వారంలోనే, నీళ్లు కట్టి తెల్లవారి వస్తున్న తమ్ముని మీద కాలువ గట్టున వెనక నుంచి గొంగడి కప్పారు. కప్పి కొట్టారు. ఎవరు కొట్టారో కనపడకూడదని. యూదుడా, యూదుడా అంటూ కొట్టారట. కుడిచేతి మణికట్టు విరిగింది. నేను వచ్చేసరికి వెదురుబద్దలతో కట్టు కట్టి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు.

"ఎవురురా?" అన్నాను.

"మొకాలు కనపల్లే."

"గొంతులు?"

వాడు కళ్లు మూసుకున్నాడు. "గొంతులు తెలుసు."

"చెప్పు. నేను స్టేషనుకు పోతా."

"పోయి ఏం చెప్తావ్ పాపా?" అన్నాడు నాయన. "ఈ రోజుల్లో స్టేషనుకు పోతే, సూడండి, పోలీసోళ్లకాడికే పోయినారు, ముందు గూడా ఈళ్లే పోయినారు అంటారు. నిజమైపోతుంది."

నాయన చెప్పింది నిజమే. మా మీద వేసిన నింద అట్లాంటిది. దాన్నుంచి బయటపడడానికి ఏం చేసినా దానికి రుజువు అవుతుంది. ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్లు. అరిస్తే, చూశారా అరుస్తున్నారు అంటారు. ఆ లావు పుస్తకంలో ఇది నాకు అర్థం కాలేదు. మా పంచలో అర్థమైంది.

పాణ్యంలో మా అత్త ఉండేది. తమ్ముణ్ణి అక్కడికి పంపించేశారు. కొంతకాలమే అని అమ్మ చెప్పింది. వాడు కౌలుచేను వదిలేసి, కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని బస్సెక్కాడు. వాడు వెనక్కి రావాలి, ఆ పేటలో తల ఎత్తుకుని మా ఇంట్లో బతకాలి. ఆ తర్వాత నాకు ఇంకేదీ ముఖ్యం కాలేదు.

ఎన్నికలు వచ్చాయి, ఎమర్జెన్సీ పోయింది. జనం నోళ్లు తెరుచుకున్నాయి. టీ కొట్టు దగ్గర పాత ప్రభుత్వాన్ని తిట్టనివాడు లేడు. హెడ్మాస్టరు కూడా, "ఇంగ పాఠం చెప్పుకోమ్మా" అన్నాడు, తనే ఆ రోజులను పోగొట్టినట్లు. మా ఇంటికి కూడా ఎవరైనా వస్తారని నేను అనుకున్నాను. తప్పయిపోయిందని కాకపోయినా, ఎట్లా ఉన్నారని అడగడానికైనా. ఒక శనివారం చూశాను. రెండో శనివారం సంఘపెద్ద వచ్చాడు. చేతిలో గుడ్డమూట. విప్పకుండానే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది.

"పండగ దగ్గరికొచ్చింది తమ్ముడా" అన్నాడు నాయనతో.

"ఔనన్నా."

"రేపటి నుంచి రిహార్సలు. నీ కొడుకును పిలిపిచ్చుకో. గొంతున్నోడు వాడే."

నేను లోపలి నుంచి వచ్చాను. "వాని చెయ్యి ఇరగ్గొట్టినోళ్లను మీరు పిలిపిచ్చండి పెద్దనాయనా. వాన్ని మేం పిలిపిచ్చుకుంటాం."

"పెద్దోళ్లు మాట్లాడతాంటే మద్దెలో నువ్వేందమ్మా? ఈడ గూడా బెత్తం పట్టుకుంటావా?"

"బెత్తం కాదు. ఒక మాట అడుగుతాండా."

ఆయన నా వైపు చూడడం మానేసి మూటను అరుగు మీద పెట్టాడు. "అయ్యిందేందో అయ్యింది. కాలం అట్లుండింది. యాదికి తెచ్చుకుంటే అందరికీ కష్టమే."

నాయన చాలాసేపు మూట వైపు చూశాడు. కట్టనని అంటాడని నేను అనుకోలేదు. మా నాయన ఎవరికీ కాదని చెప్పిన మనిషి కాదు. ఆ మెత్తదనం మీద కూడా నాకు చాలా ఫిర్యాదులున్నాయి.

"ఈసారి మా ఇంట్లో ఎవురూ కట్టరన్నా" అన్నాడు.

"కట్టకపోతే? యూదులు లేకుండా నాటకమెట్లాడేది?"

"అది మీరే సూసుకోండి. ఇన్నాళ్లూ మేం సూసుకున్యాం."

"ప్రభువు పని ఇది."

"ప్రభువు పనే అన్నా. ఈసారి వేరేవాళ్లు చేస్తారు."

ఆయన మూట అక్కడే వదిలేసి పోయాడు. ఉంటే కట్టక ఏం చేస్తారులే అనుకున్నాడేమో. అమ్మ దాన్ని చేటలో పెట్టుకుని, పేట మధ్యలో నుంచి అందరూ చూస్తుండగా నడిచిపోయి, వాళ్ల గడపలో పెట్టి వచ్చింది. అమ్మ తన జీవితంలో చేసిన పెద్ద తిరుగుబాటు అదే.

ఆ వేషం ఇంకెవరూ తీసుకోలేదు. శిష్యుల ఇళ్లవాళ్లు అది తమ ఇంటికి రాదన్నారు, గవర్నరు ఇంటివాళ్లు నవ్వి ఊరుకున్నారు. చివరికి గుంపు లేకుండానే ఆడదామనుకున్నారు. గవర్నరు అడిగినప్పుడు డప్పు కొడతారు, జనం అరిచినట్లు అనుకోవాలి.

గుడ్ ఫ్రైడే సాయంత్రం నేను, నాయన, అమ్మ వెనక చాప మీద కూర్చున్నాం. మా చుట్టూ ఇంకో చాప పట్టేంత ఖాళీ ఉంది, ఎవరూ కూర్చోలేదు. ప్రభువు వేషంలో సంఘపెద్ద చిన్నకొడుకు వచ్చాడు. ఆపరేషన్ అయిన పిల్లవాడే. బాగా చిక్కిపోయాడు. చేతులు కట్టి నిలబెట్టారు. గవర్నరు, ఈ మనిషిని ఏం చేయమంటారని అడిగాడు. డప్పు కొట్టేవాడు ఎందుకో కొట్టలేదు. మరిచిపోయాడో, ఏటా వినే కేక కోసం చూశాడో తెలియదు. గవర్నరు మళ్లీ అడిగాడు.

మొదట ముందు చాప మీది ముసలామె అరిచింది. చంపమంది. మా ఇంటి మగవాళ్లు ఏటా అరిచే మాటే, అదే రాగంతో. తర్వాత ఇంకెవరో. తర్వాత చాపలన్నీ. ఒళ్లో పిల్లలను పెట్టుకున్న ఆడవాళ్లు, స్తంభాలకు ఆనుకున్న మగవాళ్లు, నన్ను కొళాయి దగ్గర జరగమన్నవాళ్లు. వాళ్లకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. సండే స్కూలు ఆవిడ పెదవులు కదలడం నేను చూశాను. ఆ గొంతుల్లో కాలువ గట్టున వినపడినవి ఏవో తమ్ముడుంటే చెప్పేవాడు. నేను ఒక్కొక్కరినీ పోల్చుకోవాలని చూశాను. పోల్చుకునేలోపల అన్నీ కలిసిపోయి ఒకే గొంతు అయిపోయాయి.

నాయన నేలకేసి చూస్తూ మెల్లగా అన్నాడు. "మనకంటే బాగా అరుస్తాండారు."

పిల్లలు మట్టిపెళ్లలు చేతుల్లో పట్టుకుని ఇటూ అటూ చూశారు. ఎవరి మీద వేయాలో తెలియలేదు. ఒకరిద్దరు మా వైపు చూశారు. నేను అమ్మను నా వెనక్కి జరుపుకున్నాను. ఎవరూ వేయలేదు. పెళ్లలు చాప పక్కన పెట్టేశారు. కానీ వాళ్లు మా వైపు చూసిన ఆ క్షణం నా ఒంట్లోంచి ఇంకా పోలేదు.

మర్నాడు పొద్దున ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. గడ్డానికి నాటకం రంగు ఇంకా అంటుకునే ఉంది. అరుగు మీద కూర్చోకుండా పంచలో గుంజను పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ పొద్దు పొయ్యి అంటిచ్చింది నేనే."

నేను వాడికి ఎదురుగా పోయి నిలబడ్డాను.

"వద్దన్యారు వాళ్లు. నేనే, ఆదివారం పూట కూర లేకుండా ఎట్లని అంటిచ్చినా."

"మీ నాయనకు తెలుసా?"

"దవాఖాన నుంచి వచ్చిన పొద్దే చెప్పినా. ఇన్నాడు. ఇని, ఎవురికీ చెప్పాకు అన్యాడు."

వచ్చిన పొద్దే అంటే నేను వాళ్ల పంచలో నిలబడి పొగ మాట ఎత్తకముందే. తమ్ముని మీద గొంగడి కప్పకముందే. అంతమంది ఎట్లా నమ్మారని బళ్లో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు సగం జవాబు నాకు అప్పుడు తెలిసింది. పైనున్నవాడు నమ్మనవసరం లేదు. నిజం తెలిసే ఉంటుంది. కింద ఉన్నవాళ్ల కోపం తన వాకిలి వైపు తిరగకుండా ఇంకో వాకిలి చూపిస్తే చాలు.

"రేపు ఈస్టరు. ఆరాధనలో లేచి ఈ మాట చెప్పు" అన్నాను.

"మా నాయన బతికినన్నాళ్లూ చెప్పలేనక్కా."

"నోరు లేదా నీకు?"

"నోరుండాది. ఆ ఇంట్లోనే బతకాల గదా." వాడు గడ్డం మీది రంగు గోక్కున్నాడు. "పిల్లలు గూడా లేరు నాకు. ఇల్లొకటే ఉండేది."

లోపలి నుంచి నాయన వచ్చాడు. "ఇడ్సిపెట్టు పాపా పిల్లోన్ని. చెప్పినాడు గదా" అన్నాడు. వాడికి మంచినీళ్లు ఇప్పించాడు, వాడు తాగాడు. నేను వాణ్ణి విడిచిపెట్టాను. విడిచిపెట్టమని నాయన అన్నందుకు నాయన మీద చాలా ఏళ్లు కోపంగా ఉన్నాను.

ఈస్టరు నాడు పాస్టరు ఏమీ జరగనట్లు నాయనను బల్ల దగ్గరికి పిలిచాడు. నాయన పోయాడు. నేను బెంచీ మీదే కూర్చున్నాను.

సోమవారం బడికి సెలవు. పాణ్యం పోయాను. తమ్ముడు నాపబండలు లారీకి ఎత్తే పనిలో ఉన్నాడు. కుడిచెయ్యి సరిగా అతుక్కోలేదు, బరువంతా ఎడమచేతి మీద తీసుకుంటున్నాడు. నన్ను చూసి నీడకు వచ్చాడు.

"ఏమక్కా, ఈ ఎండలో వచ్చినావ్?"

"నిన్ను పిలుచుకపోదామని. ఇంటికి పోదాం పా. అయిపోయింది."

"ఏందీ అయిపోయింది?"

అంతా చెప్పాను. ముక్కు చేటలో పోయిన సంగతి విని నవ్వాడు. చాపల మీద వాళ్లు అరిచిన సంగతి విని నవ్వడం ఆపేశాడు.

"పొయ్యి సంగతి అందరి ముందర చెప్పినాడా?"

"లేదు. మన పంచలో."

"మన పంచలో మనకు తెలిసిందే గదా అక్కా."

వాడు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "అందరి ముందర చెప్పే పొద్దు కబురు పెట్టు. ఆ పొద్దు బస్సుకే వస్తా" అని మళ్లీ లారీ దగ్గరికి పోయాడు.

ఆ పొద్దు రాలేదు. వాడు పాణ్యంలోనే పెళ్లి చేసుకున్నాడు, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను ఎనభైలంతా అదే పాఠం చెప్పుకుంటూ, శనివారాలు ఆళ్లగడ్డకు పోతూ గడిపాను. సంఘపెద్ద పోయాక ఆయన కొడుకే పెద్ద అయ్యాడు. చర్చిలో ఎన్నో మాటలు చెప్పాడు, ఆ ఒక్క మాట తప్ప. ఎదురైనప్పుడల్లా నేను వాడి ముఖంలోకి చూసేదాన్ని, వాడు గుడ్డతో మెడ తుడుచుకునేవాడు.

నాయన పోయినప్పుడు తమ్ముడు వచ్చాడు. సమాధుల తోటలో మా పేట అంతా ఉంది. గుంత దగ్గర కొత్త సంఘపెద్ద వాని భుజం మీద చెయ్యి వేయబోయాడు. వాడు ఒక అడుగు పక్కకు జరిగి, ఎడమచేత్తో మట్టి వేశాడు. ఇంటికి రమ్మని అమ్మ బతిమాలింది. పొద్దు పోకముందే పోవాలన్నాడు. నేను బస్టాండు దాకా వెంట పోయాను. బస్సు కదిలే దాకా వాని కిటికీ పక్కనే నిలబడి, ఎవరు వస్తున్నారో, ఎవరు ఎక్కుతున్నారో చూస్తూనే ఉన్నాను.